చెంప మేస్త్రి, ఒకే ఒక్క పొక్కు

చెంప మేస్త్రి దేన్నీ కంటితో చూసి నమ్మేవాడు కాదు, చేత్తో తడిమి కూడా నమ్మేవాడు కాదు. ఎడమ చెంప ఆనించి, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబడితే గానీ ఆ వస్తువు పొడిగా ఉందో తడిగా ఉందో ఆయనకి తేలేది కాదు. తేలడమంటే, నేనెరిగినంతలో, ఎప్పుడూ ఒకలాగే తేలేది.

"ఇంకా తడుంది."

ఆ మాట నేను మొదటిసారి విన్నది నడిరోడ్డు మీద. నేనెక్కిన బస్సు ఒక మలుపు దాటాక దగ్గింది, మూలిగింది, ఆగిపోయింది. డ్రైవరు ముందు మూత ఎత్తి లోపలికి దూరాడు. ప్రయాణికులు దిగి, ఇలాంటప్పుడు ఏ దేశపు ప్రయాణికులైనా చేసే పనే చేశారు: తలో సలహా పారేసి నీడకి పోయారు. నేను కాళ్ళు సాగదీసుకుంటూ బస్సు వెనక్కి వెళ్ళేసరికి ఒక పెద్దమనిషి దాని ఒంటికి చెంప ఆనించి, కళ్ళు మూసుకుని, నిద్రపోయే పసిపిల్లని హత్తుకున్నట్టు నిలబడి ఉన్నాడు. కళ్ళు తిరిగాయేమోనని మంచినీళ్ళ సీసా తీసుకుని పరిగెత్తాను.

"నీళ్ళొద్దు," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "దీనికున్న నీళ్ళు చాలు. వానలో నిలబెట్టి రంగు కొట్టారు. లోపల ఇంకా తడుంది."

"బస్సు ఆగింది ఇంజను పాడైనందుకండీ."

"ఇంజను సంగతి నాకు తెలీదు. రంగు సంగతి చెబుతున్నా."

తర్వాత కళ్ళు తెరిచి నా భుజాన వేలాడుతున్న సంచీని చూశాడు. అడగలేదు, ఆగలేదు, వంగి దానికీ చెంప ఆనించాడు. లోపల పుస్తకాలున్నాయన్నాడు, అట్టలు ఉబ్బి ఉంటాయన్నాడు. రెండూ నిజమే. అంతకుముందు బస చేసిన లాడ్జిలో కప్పు కారి, నా ప్రాచీన నౌకాయాన చరిత్ర ఒక రాత్రంతా నీళ్ళలో ప్రయాణం చేసింది.

బస్సు బాగుపడే సూచనలు లేవు. నేను నది దాటాలి, ఆయనది నది ఒడ్డునే పని. ఇద్దరం నడిచాం. పట్నంలో కొన్న కొత్త కుంచెల మూట ఆయన చంకలో ఉంది. దారిలో ఒక మైలురాయికి, ఒక ప్రహరీగోడకి, ఒక రొట్టెల బండికి చెంప ఆనించాడు. బండికి ఆనించినప్పుడు బండివాడు చూడనట్టు ఊరుకున్నాడు గానీ, రొట్టెకి ఆనించినప్పుడు మాత్రం అది ఇక నీదేనన్నాడు. మేస్త్రి దాన్ని కొని సగం నాకిచ్చాడు. తడి ఉందట, బాగా నమిలి తినమన్నాడు.

నా తిరుగుళ్ళలో వింత మనుషులకి కొదవ లేదు. వాసన చూసి గానీ పుస్తకం కొననివాణ్ణి చూశాను. గంటని పోతపోశాక నాలికతో రుచి చూసి శ్రుతి కుదిరిందని చెప్పేవాణ్ణి చూశాను. వాళ్ళంతా పనివేళల్లో మాత్రమే వింతగా ఉండేవాళ్ళు. సాయంత్రమైతే మనలాగే కూర్చుని ధరలు పెరిగాయనుకునేవాళ్ళు. చెంప మేస్త్రి అలా కాదు. ఆయనకి సెలవు లేదు.

నది ఇంకా తగ్గలేదు. రేవు మూసి ఉంది. తెరిచేదాకా ఆగాల్సిందేనన్నారు. మేస్త్రి నన్ను తన ఇంటికి తీసుకెళ్ళి వరండాలో మంచం వేయించాడు. లోపల గదులున్నాయి, ఖాళీగానే ఉన్నాయి, కానీ వాటి గోడలు తడి అట. చుట్టూ చూస్తే ఇంటికి ఎక్కడా చుక్క రంగు లేదు. రంగులు వేసేవాడి ఇల్లు ఇలా ఉందేమిటని అడిగితే, ఆయన భార్య నా ముందు టీ గ్లాసు పెడుతూ నిదానంగా చెప్పింది.

"మేం ఈ ఇంట్లోకి వచ్చిన రోజు ఈయన గోడకి చెంప పెట్టి తడుందన్నారు అన్నయ్యగారూ. పిల్లలు పుట్టారు, పెద్దాళ్ళయ్యారు, వాళ్ళ ఇళ్ళకి రంగులేయించుకున్నారు. ఈ గోడ మాత్రం ఇంకా ఆరుతూనే ఉంది."

మేస్త్రి పని పడవల షెడ్డులో. పొడుగాటి రేకుల కప్పు, రెండు పక్కలా గోడలు లేవు, నది మీది గాలి ఒక కొసలో దూరి ఇంకో కొసలో బయటికి పోతుంది. నేల మీద ఏళ్ళ తరబడి కారిన రంగుచుక్కలు పేరుకుని తివాచీలా తయారయ్యాయి. తారు వాసన, టర్పెంటైన్ వాసన, తడి తాళ్ళ వాసన. దుంగల మీద చెక్క పడవలు, ఒడ్డున పడుకున్న పశువుల్లా, పొట్టలు చూపిస్తూ ఉన్నాయి.

ఆ పొట్టల దగ్గరే ఉంది చిక్కంతా. పడవ నీళ్ళలో మునిగే మేర వేసే రంగు గడుసుది. చెక్క లోపల తడి మిగిలి ఉండగా దాన్ని పూశారంటే, ఆ తడి బయటికి రాలేదు, లోపల ఉండలేదు. ఎండ తగలగానే రంగుని ముందుకి తోస్తుంది. రంగు చర్మంలా ఉబ్బి పొక్కుతుంది. నీళ్ళలోకి దిగాక ఆ పొక్కు పగులుతుంది, పగిలినచోట పురుగు దూరుతుంది, పురుగు దూరిన పడవలో కూర్చున్నవాళ్ళకి హఠాత్తుగా దేవుడు గుర్తొస్తాడు. అందుకని మేస్త్రి పాత రంగంతా గీకించేవాడు. ఒంటికి పట్టిన మురికిని మంచినీళ్ళతో కడిగించేవాడు. తర్వాత ఆరబెట్టేవాడు. ఆ తర్వాత ఆరబెట్టేవాడు. అటుపైన ఇంకొంచెం ఆరబెట్టేవాడు. పొద్దున మంచు పడుతుంటే కుంచె ముట్టుకోడు. మిట్టమధ్యాహ్నం ఎండలో ముట్టుకోడు, పైన పెచ్చు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుందని. పూత పలచగా వేసి, అది ఆరేదాకా పక్కన కూర్చుని కాపలా కాసేవాడు.

ఆయన చేతి మీదుగా నీళ్ళలోకి దిగిన ఏ పడవకీ ఒక్క పొక్కు లేచింది లేదు. ఆ మాటకొస్తే, ఆ షెడ్డులో 'పొక్కు' అన్న మాటే లేచేది కాదు. దాని పేరు ఎత్తకూడదు. 'అది' అనాలి. టీ తెచ్చే కొట్టతను ఒకసారి నోరు జారితే, వెనక్కి పంపి, బయట నుంచి మళ్ళీ లోపలికి రమ్మన్నాడు; టీ చల్లారిపోయింది. ఇంట్లో వంట చేస్తూ భార్య చెయ్యి కాల్చుకుంటే, డాక్టరుకి చూపిస్తూ, "మా ఆవిడ చేతి మీద అది వచ్చిందండీ," అన్నాడట. ఏది వచ్చిందో చెప్పడానికి డాక్టరు ఎంత అడిగినా ఒప్పుకోలేదు.

అదే డాక్టరు దగ్గరికి ఒకసారి పంటి నొప్పితో వెళ్ళి, నొప్పి మాట మర్చిపోయి గోడకి చెంప ఆనించాడు. మందుల బీరువా జరపమన్నాడు. జరిపితే వెనక గోడంతా పచ్చటి బూజు. డాక్టరు ఆ వారమంతా గోడకి వైద్యం చేయించుకుంటూ కూర్చున్నాడు, మేస్త్రి ఎడమ చెంప పూర్ణకుంభంలా వాచిపోయింది. వాచిన చెంపకి ఏమీ తెలియడం లేదన్నాడు. పోనీ కుడి చెంప పెట్టకూడదా అంటే, దానికి అనుభవం లేదన్నాడు. ఆ వాపు తగ్గేదాకా రేవులో పడవలన్నీ ఆరబెట్టిన బట్టల్లా ఊరికే ఎదురుచూశాయి.

నేను వెళ్ళేసరికి షెడ్డులో మిగతా పడవలన్నిటి పనీ అయిపోయింది. ఒక్కటి మిగిలింది. అది ఆయన మరదలిది. భార్యకి స్వయానా చెల్లెలు. రేవంతా పడవక్క అంటారు. ఆవిడ ఇవతలి ఒడ్డున కేకేస్తే అవతలి ఒడ్డున కుక్కలు లేచి నిలబడేవి. పడవే ఆవిడ బతుకుతెరువు, పడవే ఆవిడ పొగరు. ఈ రెండింటినీ మేస్త్రి దుంగల మీద పెట్టి కూర్చున్నాడు.

ఆ రేవుకొక కట్టడి ఉంది. రంగుల పని పూర్తయిందని మేస్త్రి చెప్పిన మర్నాడు పొద్దున్నే, పడవ యజమాని రేవు గుమాస్తా చూస్తుండగా ఒంటరిగా తెడ్డేసుకుని అవతలి ఒడ్డుకి వెళ్ళి తిరిగి రావాలి. రాగలిగితే రేవులో జనాన్ని దాటించే వంతు. మధ్యలో ప్రవాహానికి కొట్టుకుపోయినా, వేరేవాళ్ళ చెయ్యి సాయం పట్టినా, ఆ వంతు వెనక వరసలో ఉన్నవాడికి పోతుంది. రేవు తెరిచే రోజుకి పడవ సిద్ధం కాకపోయినా అంతే. వెనక వరసలో ఒక ఆసామి ఉన్నాడు. పడవకి రంగేయించుకుని, పరీక్ష నెగ్గి, షెడ్డు ఎదురుగా రాయి మీద కూర్చుని, పడవక్క పడవని రోజూ పలకరించి పోయేవాడు. ఆ పలకరింపులో ఆప్యాయత పాలు తక్కువ.

పడవక్క రోజూ పొద్దున్నే వచ్చేది.

"చెక్కకి చెవి పెట్టి ఏం వింటున్నావ్ బావా? మా అక్క తిట్లా?"

"మీ అక్క తిట్లు వినడానికి చెవులక్కర్లేదు. ఇది చెంప."

"ఏదో ఒకటి. ఆరిందా?"

"ఇంకా తడుంది."

"పక్క పడవకి ఇన్నాళ్ళు పట్టలేదే."

"పక్క పడవ మాట వినే రకం. ఇది నీ పడవ."

ఆవిడ ఎడమ చేత్తో గీకుడు బిళ్ళ తీసుకుని పడవ పొట్ట మీద రెండుసార్లు గీకి, దాన్ని విసిరికొట్టి వెళ్ళిపోయేది. మేస్త్రి ఆ బిళ్ళ తీసి మేకుకి తగిలించేవాడు. ఇది నిత్యపూజలా సాగింది.

చివరికి ఆసామి వెళ్ళి గుమాస్తా చెవి కొరికాడు. బావా మరదళ్ళు కలిసి నాటకమాడుతున్నారు, పడవ ఎప్పుడో ఆరిపోయింది, పరీక్ష తప్పించుకోవడానికి సాగదీస్తున్నారు, కావాలంటే చూసుకోండి అన్నాడు. గుమాస్తా నిటారైన మనిషి. గొడుగు, విజిలు, గుండెల దాకా గడ్డం. పడవ నిజంగా ఆరి ఉంటే ఆ క్షణంలోనే వంతు రద్దు చేస్తానంటూ షెడ్డులోకి వచ్చి అరచెయ్యి చాచాడు.

"చేత్తో ఏం తెలుస్తుందండీ," అన్నాడు మేస్త్రి. "చెంప పెట్టండి."

గుమాస్తా చెంప పెట్టాడు. గడ్డం మెత్తగా నలిగింది. ఆయనకి ఏమీ తెలియలేదు. గడ్డం అడ్డమొచ్చాక తడి ఎలా తెలుస్తుందండీ, పరుపు మీద నుంచి నేలని తడిమినట్టుంటుంది అన్నాడు మేస్త్రి, ఎంతో మర్యాదగా. గుమాస్తాకి రోషం వచ్చింది. చట్టం కోసం ఎంత దూరమైనా వెళతానన్నాడు. మర్నాడు వచ్చాడు. ఎడమవైపు గడ్డం నున్నగా గీయించుకున్నాడు. కుడివైపు ఉంది. పరీక్షకి ఒక చెంప చాలు కదా, రెండోది ఎందుకు పాడుచేసుకోవాలి అన్నది ఆయన వాదన.

ఎక్కడ పెట్టమంటావన్నాడు. పడవలో తడి చివరికంటా దాక్కునేది దాని వెన్నెముకలాంటి అడుగు దుంగని ఆనుకున్న చెక్కలో, అక్కడ పెట్టండి, అది పొడిగా ఉంటే పడవంతా పొడే అన్నాడు మేస్త్రి. ఈ మాటలో అబద్ధం లేదు. నా పుస్తకాల్లో కూడా అలాగే ఉంది. సగం గడ్డంతో గుమాస్తా పడవ కిందికి పాకాడు. చెంప ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. షెడ్డంతా ఊపిరి బిగబట్టింది. రాయి మీంచి ఆసామి లేచి నిలబడ్డాడు.

కింద నుంచి గుమాస్తా గొంతు వచ్చింది. మేస్త్రి గొంతులాగే ఉంది.

"ఇంకా తడుంది."

ఆ క్షణం నుంచి గుమాస్తా మనకి దక్కకుండా పోయాడు. తన ఆఫీసు గోడకి చెంప పెట్టాడు, తడుంది. కుర్చీకి పెట్టాడు, తడుంది. విజిలుకి పెట్టాడు, అది ఎలాగూ తడే. ఆ తర్వాత రేవులో చూడాలి. టీ కొట్టతను చక్కెర డబ్బాకి, తాళ్ళు పేనేవాడు తాళ్ళకి, చివరికి ఆసామి తను కూర్చునే రాయికి చెంప ఆనించడం మొదలుపెట్టారు. బయటి ఊరివాళ్ళెవరైనా అప్పుడు వచ్చి ఉంటే, ఈ ఊళ్ళో అందరికీ ఒకేసారి పంటి నొప్పి వచ్చిందనుకునేవారు.

నాకు మాత్రం ఒక అనుమానం పట్టుకుంది. వానలు వెనకపట్టు పట్టి చాలా రోజులైంది. షెడ్డులో గాలి ఎలా వీస్తుందంటే, నా నౌకాయాన చరిత్రని అక్కడ తాడు మీద ఆరేస్తే పేజీలు పెళపెళలాడేంత పొడిగా ఎండింది. పుస్తకం ఎండిన గాలికి పడవ ఎండదా?

నాకు తెల్లారకుండా లేచి నడిచే అలవాటు. ఒకనాడు ఆ నడక షెడ్డు దాకా పోయింది. పడవక్క పడవలోంచి ఏదో గొణుగుడు వినిపించింది. దుంగ ఎక్కి లోపలికి తొంగి చూశాను.

చెంప మేస్త్రి పడవ లోపల మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. పక్కన బకెట్టు. చేతిలో నీళ్ళు కారుతున్న తువ్వాలు. దాన్ని అడుగు చెక్కకి లోపలివైపు నుంచి అదిమి పట్టి, ముఖం పక్కకి తిప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, "క్షమించు తల్లీ, క్షమించు," అంటున్నాడు.

జీవితంలో ఎన్నో చూశాను గానీ అలాంటి దృశ్యం చూడలేదు. గోడ తడిసిందని భార్యాపిల్లల్ని వరండాలో పెంచిన మనిషి, పొక్కు అన్న మాట పలకనివాడు, పడవకి స్వహస్తాలతో నీళ్ళు తాగిస్తున్నాడు. నేను ఏదో అనబోయాను.

"మీ నోరు తడిగా ఉంది పెద్దాయనా," అన్నాడు. "ఆరేదాకా తెరవకండి."

"పడవ ఆరిపోయిందా?"

"ఎప్పుడో."

"మరి?"

తువ్వాలు బకెట్టులో ముంచి పిండాడు. మళ్ళీ చెక్కకి ఆనించాడు. పడవని ఒడ్డుకి లాగిన రోజున తాడు జారి మరదలి కుడి భుజం బెణికిందని చెప్పాడు. ఎవరికీ చెప్పలేదట ఆవిడ, అక్కకి కూడా. తల దువ్వుకోవడం, బకెట్టు ఎత్తడం, గీకుడు బిళ్ళ పట్టడం అన్నీ ఎడమ చేత్తోనే చేస్తోందట. నాకు పొద్దున్నపూట కనిపించిన గీకుళ్ళు గుర్తొచ్చాయి.

"చెప్పి ఆపొచ్చుగా. భుజం బాగయ్యేదాకా ఆగమని."

మేస్త్రి నన్ను జాలిగా చూశాడు.

"దాని సంగతి మీకు తెలీదు. విశ్రాంతి తీసుకోమంటే ఆ నిమిషమే తెడ్డు ఎత్తుతుంది. ఆ ప్రవాహంలో ఆ చేత్తో నది మధ్యకి పోయిందంటే..." తువ్వాలు మళ్ళీ ముంచాడు. "చెక్క ఆరలేదంటే ఎదురుచూస్తుంది. చెయ్యి ఆరలేదంటే నన్ను తంతుంది."

నేను దుంగ దిగాను. నోరు ఆరేదాకా తెరవలేదు.

ఇక రేవు తెరిచే రోజు దగ్గరపడుతోంది. పడవక్క తిట్లలో వరసలు మారిపోయాయి. బావ అన్న పిలుపు పోయి మేస్త్రీ వచ్చింది, మేస్త్రీ పోయి ఒరేయ్ దాకా వచ్చింది. ఆయన అన్నిటికీ ఒకే జవాబు చెబుతూ వచ్చాడు. వంతు పోయిందంటే చచ్చేదాకా నీ గుమ్మం తొక్కను అని ఆవిడ అక్క ఎదుటే శపథం చేసింది. ఆ రాత్రి మేస్త్రి అన్నం ముందు చాలాసేపు కూర్చుని, పళ్ళేనికి చెంప ఆనించి లేచిపోయాడు.

మర్నాడు ఆవిడ షెడ్డులోకి విసురుగా వచ్చింది. దారికి అడ్డంగా నిండు రంగు డబ్బా ఉంది. తిట్టుకుంటూ దాన్ని ఎత్తి, తల మీదుగా పై కొక్కేనికి తగిలించింది. కుడి చేత్తో. తగిలించిన సంగతి ఆవిడకే తెలియదు. నోరు తిట్లలో ఉంది.

మేస్త్రి అలాగే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత పడవ దగ్గరికి వెళ్ళాడు. చెంప ఆనించాడు, ఆనించీ ఆనించకముందే తీసేశాడు.

"ఆరింది."

గుమాస్తా చేతిలోంచి గొడుగు జారిపడింది. టీ కొట్టతను గ్లాసు నిండి పొర్లుతున్నా పోస్తూనే ఉన్నాడు. ఆ నోటి నుంచి ఆ మాట వినడం ఎవరికీ అలవాటు లేదు.

కానీ ఒక చిక్కుంది. అది నాకూ, ఆయనకీ తప్ప ఎవరికీ తెలియదు. పడవంతా ఆరింది నిజమే. తువ్వాలు పెట్టిన చెక్క ఆరలేదు. అది ఆరేదాకా ఆగితే రేవు తెరుచుకుంటుంది, వంతు పోతుంది. ఆగకపోతే, అది వస్తుంది. పూతలన్నీ అయ్యాక ఆ చెక్క దగ్గర కుంచె పట్టుకుని ఆయన ఎంతసేపు కూర్చున్నాడో, ఏమాలోచించాడో నేను రాయలేను. కుంచె ముంచాడు, పెదవి కొరుక్కున్నాడు, పూశాడు. తడి చెక్క మీద తెలిసి తెలిసి రంగు పూయడం ఆయన బతుకులో అదే మొదలు.

పరీక్ష రోజున పడవక్క ఒంటరిగా వెళ్ళి ఒంటరిగా తిరిగొచ్చింది. ప్రవాహం మధ్యలో పడవ ఒకసారి పక్కకి జరిగితే, ఒడ్డున నిలబడ్డ మేస్త్రి కుడి భుజం దానంతటదే ముందుకి ఊగింది. ఆవిడ ఒడ్డెక్కుతూ బావ ముందు మెటికలు విరిచింది. చేతకాని మేస్త్రి వల్ల వంతు పోయేదని రేవంతా వినేలా చెప్పింది. ఆయన తల ఊపాడు. ఆసామి మళ్ళీ రాయి మీద కూర్చున్నాడు. రేవు తెరిచాక మొదటి విడతలోనే నేను ఆ పడవ ఎక్కి అవతలికి పోయాను.

మరుసటి ఏడు నా కాళ్ళు మళ్ళీ అటు తిరిగాయి. షెడ్డు ముందు జనం. పడవలు పైకి లాగిన రోజది. నవ్వులు, ఈలలు. గుమాస్తా (ఇప్పటికీ ఎడమవైపు గడ్డం లేదు) అందరినీ తోసుకుంటూ నాకు దారి చేశాడు. పడవక్క పడవ పొట్ట అద్దంలా ఉంది. అడుగు దుంగని ఆనుకున్న చెక్క మీద మాత్రం, తువ్వాలు మడతంత మేర, నిండుగా, నున్నగా, ఒకటి ఉబ్బి ఉంది. దాని పక్కన మేస్త్రి నిలబడి ఉన్నాడు.

"ఏంటి మేస్త్రీ అది?" అని వెనక నుంచి ఆసామి సాగదీశాడు. "నోరు తెరిచి చెప్పండి. అది ఏంటి?"

జనం గొల్లున నవ్వారు. మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"పొక్కు," అన్నాడు.

పడవక్క నవ్వలేదు. వంగి దాన్ని చూసింది. జనంలో ఉన్న అక్కకి ఒళ్ళు మండేంత కోపం వచ్చినట్టుంది, గబగబా వచ్చి ఏదో అనబోతే పడవక్క చేత్తో ఆపింది. బయట చూసి, పడవలోకి ఎక్కి, అదే చెక్కని లోపలివైపు చూసింది. అక్కడ చెక్క మీద తువ్వాలు అంచు గీతలు నీటి మరకలై ఉండిపోయాయి. అది బావ తువ్వాలు. అంచు ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు, తనే కుట్టి ఇచ్చింది. ఆవిడ చెయ్యి దానంతటదే వెళ్ళి కుడి భుజం మీద ఆగింది.

లేచి నిలబడింది. నది అవతల కుక్కలు లేచేంత గొంతు ఇవాళ లేదు.

"బావా. ఇది లోపల నుంచి తడిసింది."

"పనితనం జారిందిలే. గీకేస్తాను," అంటూ ఆయన బిళ్ళ అందుకోబోయాడు.

"ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా. పడవ నాది. పొక్కు కూడా నాదే. ఏటా పైకి లాగినప్పుడల్లా నువ్వొచ్చి చూడాలి. అదే నీకు శిక్ష."

ఇంతకంటే ఘోరమైన శిక్ష ఆయనకి ఏ న్యాయస్థానమూ వేసి ఉండేది కాదు. ముఖం చిన్నబోయింది. పురుగు పడుతుందని ఏదో గొణిగాడు. ఆవిడ వినలేదు. పడవలోంచి పెద్ద తెడ్డు తీసింది. కుడి చేత్తో, ఒక్క చేత్తో, దాన్ని ఆయన ముఖం ముందుకి చాచి పట్టింది.

"దీన్ని చూడు."

తెడ్డు గాలిలో వంగలేదు, వణకలేదు. జనం నవ్వు దానంతటదే సద్దుమణిగింది. మేస్త్రి ఒక అడుగు ముందుకి వేశాడు. తెడ్డుకి ఎడమ చెంప ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. అంతసేపు ఆయన ఏ చెక్కకీ చెంప ఆనించగా నేను చూడలేదు. ఆవిడ చెయ్యి అలాగే ఉంది.

"ఆరింది," అన్నాడు.

కళ్ళు తెరిచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, జనం మధ్య నుంచి నడిచాడు. వెళ్ళొస్తానని మరదలికి చెప్పలేదు, ఏడాది తర్వాత వచ్చిన నన్ను పలకరించనూ లేదు. రోడ్డు మీద ఆగి ఉన్న బస్సు దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగి, చెంప ఆనించి, తల అడ్డంగా ఊపి, వెళ్ళిపోయాడు.